చిన్నపిల్లల సెన్సరీ ఇబ్బందులు: ఓటీ అవసరమా, కాదా? తేల్చుకునే పద్ధతి

ప్లే స్కూల్ టీచర్ "ఒకసారి ఓటీకి (రోజువారీ పనుల్లో ఇబ్బంది పడే పిల్లలకు సాయపడే ఆక్యుపేషనల్ థెరపిస్టుకి) చూపించండి" అంటారు. ఇంట్లో నాన్నమ్మ "వాడికేమైందని, పిల్లలన్నాక అల్లరి చెయ్యరా" అంటుంది. యూట్యూబ్ తెరిస్తే వాళ్ళు చెప్పే ప్రతి లక్షణం మన పిల్లాడిదే అనిపిస్తుంది. ఈ టెన్షన్‌లో కొందరు పరుగున వెళ్ళి ఏడాది ప్యాకేజీ కట్టేస్తారు. కొందరు చూద్దాంలే అనుకుంటూ ఐదేళ్ళు దాటించేస్తారు.

ఈ మార్గదర్శి 3 నుంచి 5 ఏళ్ళ పిల్లల తల్లిదండ్రుల కోసం. సెన్సరీ ఇబ్బందులంటే శబ్దం, స్పర్శ, రుచి, కదలిక లాంటి వాటికి పిల్లలు మరీ ఎక్కువగానో మరీ తక్కువగానో స్పందించడం. పిల్లల ఆక్యుపేషనల్ థెరపిస్టుగా నేను అందరికీ చెప్పే మాట ఒకటే. పిల్లాడు ఏం వింత పనులు చేస్తున్నాడన్నది కాసేపు పక్కన పెట్టండి. తిండి, నిద్ర, స్నానం, బట్టలు, ఆట, క్లాసు: వీటిలో ఏది ఆగిపోతోందో చూడండి. ఏదీ ఆగకపోతే చాలావరకు థెరపీ అక్కర్లేదు.

## 1. ఇవి కనిపిస్తే ఆగొద్దు, నేరుగా పిల్లల డాక్టర్ దగ్గరికి

కింది వాటిలో ఒక్కటి ఉన్నా మిగతా స్టెప్పుల కోసం వారాల తరబడి ఎదురుచూడకండి.

- వచ్చిన మాటలు, నేర్చుకున్న పనులు పోతున్నాయి
- పేరు పెట్టి పిలిస్తే పలకడు, కావాల్సినది వేలు పెట్టి చూపించడు, మొహంలోకి చూడడు
- ఆడుతూ ఆడుతూ కొన్ని క్షణాలు కళ్ళప్పగించి ఉండిపోతాడు, తట్టినా తెలియదు
- బరువు తగ్గుతోంది, లేదా తినేటప్పుడు తరచూ పొలమారుతోంది
- తల గోడకు కొట్టుకోవడం, రక్తం వచ్చేలా కొరుక్కోవడం
- ఒకవైపు చెయ్యో కాలో తక్కువ వాడుతున్నాడు, లేదా ఎప్పుడూ మునివేళ్ళ మీదే నడుస్తున్నాడు

మొదటి రెండిట్లో ఏది ఉన్నా ముందు ఆటిజం ఉందో లేదో తేలాలి. శబ్దం, స్పర్శ, రుచి లాంటి వాటికి అతిగా గానీ బాగా తక్కువగా గానీ స్పందించడాన్ని 2013లో వచ్చిన డీఎస్ఎం-5 (మానసిక, ఎదుగుదల సమస్యలను నిర్ధారించడానికి డాక్టర్లు వాడే అమెరికన్ పుస్తకం) ఆటిజం లక్షణాల్లో చేర్చింది. అయితే "సెన్సరీ ప్రాసెసింగ్ డిజార్డర్" అనే విడి జబ్బు పేరు అందులో లేదు. ఎవరైనా రిపోర్టులో ఆ పేరు రాసిస్తే, అది పిల్లాడు ఎలా ఉన్నాడో చెప్పే మాటగానే తీసుకోండి. ఎందుకలా ఉన్నాడన్న ప్రశ్న డాక్టర్‌ని విడిగా అడగాల్సిందే.

## 2. ముందు ఒంటి సంగతి తేల్చండి

సెన్సరీ అనుకుని మా దగ్గరికి వచ్చే వాటిలో కొన్ని అసలు సెన్సరీవే కావు. ఒక్క డాక్టర్ విజిట్‌తో ఇవి తేలిపోతాయి.

చెవులు. జలుబు తర్వాత మధ్య చెవిలో నీరు చేరితే పిల్లాడు పిలిచినా పలకడు, టీవీ సౌండ్ పెంచుతాడు, గట్టిగా అరిచి మాట్లాడతాడు. మాటలు ఆలస్యమైనా, వినికిడి మీద అనుమానం ఉన్నా హియరింగ్ టెస్ట్ చేయించాకే మిగతా సంగతి.

రక్తం. మట్టి, బలపాలు, సుద్దముక్కలు తినే పిల్లాడిని "నోట్లో ఏదో ఒకటి పెట్టుకుంటాడు, సెన్సరీ అంట" అని తీసుకొస్తారు. ముందు హిమోగ్లోబిన్ చూపించండి. ఐరన్ లోపం ఉన్న పిల్లల్లో ఈ అలవాటు తరచూ కనిపిస్తుంది.

మలబద్ధకం. టాయిలెట్ అంటేనే ఏడ్చే పిల్లలకు చాలాసార్లు అసలు కారణం నొప్పి. ఒకసారి గట్టిగా వచ్చి నొప్పి పుడితే ఆ తర్వాత వారాల పాటు బిగపట్టుకుంటారు.

నిద్ర. గురక పెట్టి, నోరు తెరిచి నిద్రపోయే పిల్లాడికి అడినాయిడ్స్ (ముక్కు వెనక ఉండే కణజాలం) పెరిగాయేమో చూడాలి. రాత్రి సరిగ్గా నిద్ర లేనివాడు పగలు హైపర్‌గా కనిపిస్తాడు.

కళ్ళు, పళ్ళు కూడా ఓసారి చూపించండి. పుచ్చిపళ్ళ వల్ల నమలని పిల్లాడికి ఫీడింగ్ థెరపీ ఏం చేస్తుంది?

ఇక రోజు గడిచే తీరు. 3, 4 ఏళ్ళ పిల్లలకు రోజుకు 10 నుంచి 13 గంటల నిద్ర, మొత్తం మీద 3 గంటల కదలిక, గంటకు మించని స్క్రీన్ ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. అపార్ట్‌మెంట్ నాలుగో అంతస్తులో పెరిగే పిల్లాడు సాయంత్రమైతే సోఫా మీంచి దూకుతున్నాడంటే, పరిగెత్తడానికి వాడికి ఇంకెక్కడా చోటు లేదేమో చూడండి.

## 3. రెండు వారాల నోట్‌బుక్

జ్ఞాపకం మీద ఆధారపడితే చెడ్డ రోజులే గుర్తొస్తాయి. రెండు వారాలు రాయండి. రోజుకు రెండు మూడు సంఘటనలు చాలు. ప్రతిదానికీ ఈ ఐదు ఉండాలి:

- సమయం, చోటు
- దానికి ముందు ఏం జరుగుతోంది (ఆకలి, నిద్ర సంగతి కూడా)
- పిల్లాడు సరిగ్గా ఏం చేశాడు
- మామూలు స్థితికి రావడానికి ఎంతసేపు పట్టింది
- ఏం చేస్తే తగ్గింది

"సాయంత్రం మళ్ళీ గోల చేసింది" అని రాస్తే ఎవరికీ ఉపయోగం లేదు. ఇలా రాయండి: "మంగళవారం సాయంత్రం 6:40. వంటింట్లో మిక్సీ వేశాను. పాప హాల్లో బ్లాక్స్‌తో ఆడుతోంది, మధ్యాహ్నం పడుకోలేదు. చెవులు మూసుకుని మంచం కింద దూరింది. మిక్సీ ఆగాక కూడా 12 నిమిషాలు రాలేదు. గట్టిగా హత్తుకుని కూర్చుంటే తగ్గింది."

బాగా గడిచిన సందర్భాలు కూడా రాయండి. పెళ్ళిలో బ్యాండు మోగుతున్నా హాయిగా డ్యాన్స్ చేసిన పిల్ల ఇంట్లో కుక్కర్ విజిల్‌కి వణికిపోతుంటే, కారణం శబ్దం పెద్దదవడం కాదు, అది ఎప్పుడొస్తుందో తెలియకపోవడం. థెరపిస్టుకు ఇలాంటి వివరమే పనికొస్తుంది.

వీలైతే నిమిషం నిడివి వీడియోలు రెండు మూడు తీయండి. ఏడుస్తున్న పిల్లాడి ముందు ఫోన్ పట్టుకుని నిలబడకండి, దూరం నుంచి తీయండి. స్కూల్ టీచర్‌ని కూడా అడగండి. అయితే "ఎలా ఉంటున్నాడు" అని అడిగితే "బాగానే ఉన్నాడు మేడమ్" అనే జవాబే వస్తుంది. "ప్రేయర్‌లో, స్నాక్స్ టైమ్‌లో, ఆటల పీరియడ్‌లో ఏం చేస్తాడు?" అని విడివిడిగా అడగండి.

## 4. నోట్‌బుక్‌ని ఎలా చదవాలి

రాసినవన్నీ మూడు గుంపులుగా విడదీయండి.

తట్టుకోలేకపోవడం: మిక్సీ, మాల్స్‌లో హ్యాండ్ డ్రయర్, యూనిఫాం కాలర్ లేబుల్, పట్టు లంగా జరీ, గోళ్ళు కత్తిరించడం, చేతికి అన్నం అంటుకోవడం. వీటి నుంచి పారిపోతారు.

తెలియకపోవడం: ముక్కు కారుతున్నా, దెబ్బ తగిలి రక్తం వస్తున్నా, చెడ్డీ తడిసినా పట్టదు. వీళ్ళు ఎవరినీ ఇబ్బంది పెట్టరు కాబట్టి బుద్ధిమంతులనిపించుకుని ఆలస్యంగా బయటపడతారు.

ఇంకా కావాలనిపించడం: ఆగకుండా తిరగడం, మనుషుల మీద పడడం, కాలర్ నమలడం, అన్నీ తాకడం, వాసన చూడడం.

ఒకే పిల్లాడిలో మూడూ ఉండొచ్చు. శబ్దానికి వణికేవాడే ఉయ్యాల దిగనంటాడు. అందులో వింతేమీ లేదు.

### మొండితనమా, తట్టుకోలేకపోవడమా?

పేచీ పెట్టే పిల్లాడు మధ్యమధ్య మన మొహం చూస్తాడు. అడిగింది ఇస్తే ఆగిపోతాడు, మనం పక్క గదిలోకి వెళ్తే వెనకే వచ్చి ఏడుస్తాడు. తట్టుకోలేక ఏడ్చేవాడికి చాక్లెట్ ఇచ్చినా ఆగదు. శబ్దం ఆగాక, తడి బట్ట మార్చాక కూడా కొంతసేపు కొనసాగుతుంది, తర్వాత అలిసిపోయి నీరసంగా ఉంటాడు. ఇది ఖచ్చితమైన గీత కాదు. సెన్సరీగా మొదలైనది, ఏడిస్తే తప్పించుకోవచ్చని తెలిశాక పేచీగా మారడం కూడా చూస్తుంటాం.

### ఒక పనిని ముక్కలు చేసి చూడండి: తలస్నానం

"తలస్నానం అంటే ఇల్లు పీకి పందిరేస్తాడు" అన్న మాట నేను రోజూ వింటాను. తలస్నానంలో చాలా పనులు కలిసి ఉన్నాయి. వాటిని విడదీసి ఒక్కోటీ చూడండి.

ముందు నూనె పెట్టేటప్పుడు ఏడుస్తాడా? ఏడిస్తే తల మీద స్పర్శ ఇబ్బంది కావచ్చు. అలాగైతే జుట్టు కత్తిరించడం, దువ్వడం, టోపీ కూడా వాడికి గిట్టకపోవాలి. అవన్నీ ఫర్వాలేదంటే వేరే కారణం వెతకాలి.

తల వెనక్కి వంచినప్పుడు మన చెయ్యి గట్టిగా పట్టేసుకుంటాడా? అప్పుడు భయం నీళ్ళ వల్ల కాదు, తల వాలినప్పుడు పడిపోతున్నట్టు ఉండడం వల్ల. ఉయ్యాల ఎక్కనివాడు, మెట్లు దిగడానికి భయపడేవాడు ఇలాగే ఉంటాడు. తల ముందుకు వంచి, కళ్ళకు మడిచిన టవల్ అడ్డుపెట్టి పోస్తే తేడా తెలుస్తుంది.

చెంబుతో ఒక్కసారిగా పోసినప్పుడు మాత్రమే ఏడుస్తాడా? "ఒకటి, రెండు, మూడు" అని లెక్కపెట్టి పోయండి. షాంపూ దగ్గర ఏడిస్తే, గతంలో కళ్ళు మండాయేమో. అది చేదు అనుభవం, సెన్సరీ కాదు.

ఇలా విడదీసేసరికి చాలా ఇళ్ళల్లో సమస్య సగానికి సగం తగ్గుతుంది. తిండికీ, బట్టలకీ, స్కూల్ ప్రేయర్‌కీ ఇదే పద్ధతి.

### తిండి గురించి కొంచెం ఎక్కువ

ఈ వయసులో కొత్త వంటకం వద్దనడం మామూలే. కూర మార్చి మార్చి పెట్టినా పెరుగన్నమే అడిగే పిల్లాడు థెరపీ కేసు కాదు. వాడు తినేవన్నీ ఒక కాగితం మీద రాయండి. పాలు, బిస్కెట్లు కూడా లెక్కే. మొత్తం 20 రకాల కంటే తక్కువున్నా, ఇదివరకు తినేవి ఒక్కొక్కటీ వదిలేసి మళ్ళీ ముట్టకపోయినా, మెత్తగా ఉండేవన్నీ మానేసి అప్పడాలు, చేగోడీల లాంటి కరకరలాడేవే తింటున్నా, పళ్ళెంలో పెడితేనే ఓకరిస్తున్నా ఫీడింగ్ తెలిసిన ఓటీనో స్పీచ్ థెరపిస్టునో కలవాలి.

## 5. నాలుగు వారాలు ఇంట్లో మార్పులు

ఒకేసారి పది మార్పులు చేస్తే ఏది పనిచేసిందో తెలియదు. ఎక్కువగా ఆగిపోతున్న ఒక్క పనిని తీసుకుని, వారానికి ఒక మార్పు చెయ్యండి.

- శబ్దం: మిక్సీ వేసే ముందు చెప్పండి, స్విచ్ వాణ్ణే నొక్కనివ్వండి. దీపావళికి, నిమజ్జనం డీజేకి చెవులకు ఇయర్ మఫ్స్ సరే. రోజంతా పెట్టి ఉంచితే మామూలు శబ్దాలు కూడా భరించలేకపోతారు.
- బట్టలు: లేబుల్ కత్తిరించండి, కొత్త యూనిఫాం రెండు మూడు సార్లు ఉతికాక వెయ్యండి, సాక్స్ తిరగేసి తొడగండి.
- స్పర్శ: సుతారంగా నిమిరితే చక్కిలిగింతలా చిరాకు పుడుతుంది. నిండు అరచేత్తో నిదానంగా, కొంచెం ఒత్తి నిమరండి.
- కదలిక: స్కూలుకు ముందు, హోంవర్కుకు ముందు 10 నిమిషాల బరువు పని. నీళ్ళ సీసాలు మోయడం, ఉతికిన బట్టల బకెట్ తొయ్యడం, చపాతీ పిండి పిసకడం, కూరగాయల సంచి పట్టుకోవడం. వాడు సులువుగా మోయగలిగినంతే ఇవ్వండి.
- చేతికి అంటుకోవడం: ముందు పొడివి, అంటే బియ్యం, పెసలు, ముగ్గుపిండి. తర్వాత తడి ఇసుక, ఆ తర్వాత పిండి, చివరికి పప్పన్నం. తుడుచుకోవడానికి గుడ్డ పక్కనే ఉండాలి.

చెయ్యకూడనిది ఒకటుంది: అలవాటవుతుందని చెయ్యి పట్టుకుని పేడలోనో పెయింట్‌లోనో ముంచడం. రెండోసారి ఆ గదిలోకే రారు.

## 6. తేల్చుకునే సమయం

నాలుగు వారాలయ్యాక నోట్‌బుక్ తిరగేయండి. కింది వాటిలో ఎన్నింటికి అవునన్నారో చూడండి.

- రోజువారీ పనుల్లో కనీసం ఒకటి పూర్తిగా ఆగిపోతోంది, లేదా ప్రతిరోజూ యుద్ధంలా ఉంది
- ఇంట్లోనూ స్కూల్లోనూ, రెండు చోట్లా కనిపిస్తోంది
- కొన్ని నెలలుగా ఉంది. కొత్త తమ్ముడు పుట్టాకో, ఇల్లు మారాకో మొదలైంది కాదు
- ఇంటి మార్పులతో పెద్దగా తగ్గలేదు
- మీరు గుడికి, పెళ్ళికి, బజారుకి వెళ్ళడం మానేశారు
- చేతి పనుల్లో కూడా వెనకబడ్డాడు

చివరి దానికి కొలతలు: 3 ఏళ్ళకు పెద్ద పూసలు దారానికి గుచ్చడం, కొన్ని బట్టలు తనే వేసుకోవడం. 4 ఏళ్ళకు పెద్ద బంతిని ఎక్కువసార్లు పట్టుకోవడం, క్రేయాన్‌ని పిడికిలితో కాకుండా వేళ్ళతో పట్టుకోవడం. 5 ఏళ్ళకు కొన్ని గుండీలు పెట్టుకోవడం, ఒంటికాలి మీద గెంతడం.

మొదటిదీ నాలుగోదీ అవునైతే అసెస్‌మెంట్‌కి వెళ్ళండి, మిగతావి ఎలా ఉన్నా సరే. మొదటిది కాదు అయితే, మిగతావి రెండు మూడు అవునైనా, మూడు నెలలు ఇంటి మార్పులే కొనసాగించి మళ్ళీ చూడొచ్చు. స్కూల్లో మాత్రమే ఉంటే ముందు స్కూల్ చూడండి. ఫ్యాన్ చప్పుడు, నలభై మంది పిల్లలు, కిటికీ లేని గది ఉన్నచోట పెద్దవాళ్ళకే తల తిరుగుతుంది.

మాట ఒక్కటే ఆలస్యమైతే కావాల్సింది స్పీచ్ థెరపీ. కుక్క కరిచాక మొదలైన భయానికి చైల్డ్ సైకాలజిస్టు. అన్నింటికీ ఓటీ మందు కాదు, ఆ మాట ఓటీలే ముందు చెప్పాలి.

## 7. ఎక్కడికి వెళ్ళాలి

ప్రభుత్వం వైపు: 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద మొబైల్ టీమ్‌లు అంగన్‌వాడీ పిల్లలను ఏడాదికి రెండుసార్లు పరీక్షించాలి. అక్కడి నుంచి జిల్లా ఎర్లీ ఇంటర్వెన్షన్ సెంటర్‌కి, అంటే డీఈఐసీకి పంపుతారు. అంగన్‌వాడీ టీచర్‌నో ఆశా కార్యకర్తనో అడిగితే ఎక్కడుందో చెబుతారు. అన్ని చోట్లా ఓటీ ఉంటారన్న నమ్మకం లేదు, కనుక్కుని బయల్దేరండి.

సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవారి కోసం పనిచేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్‌ఐఈపీఐడీ ఉంది. పుట్టిన దగ్గర్నుంచి 6 ఏళ్ళ లోపు పిల్లల కోసం అక్కడ 2021లో ఎర్లీ ఇంటర్వెన్షన్ సెంటర్ కూడా మొదలైంది. రిపోర్టు అక్కడ తీసుకుని, థెరపీ ఇంటి దగ్గర చేయించుకునే కుటుంబాలున్నాయి. మంచి పద్ధతే.

ప్రైవేటులో: థెరపిస్టు డిగ్రీ బీఓటీ లేదా ఎంఓటీ (ఆక్యుపేషనల్ థెరపీలో బ్యాచిలర్స్ లేదా మాస్టర్స్) అయి ఉండాలి. కొన్ని నెలల సర్టిఫికెట్ కోర్సు చేసినవాళ్ళు ఓటీలు కారు. అడగడానికి మొహమాటపడకండి.

అమెరికాలో ఉన్నవాళ్ళు: 3 ఏళ్ళు నిండిన పిల్లలకు మీ స్కూల్ డిస్ట్రిక్ట్ ఉచితంగా ఎవాల్యుయేషన్ చెయ్యాలి. ఫోన్లో కాకుండా రాతపూర్వకంగా అడగండి.

## 8. అసెస్‌మెంట్ రోజు

తీసుకెళ్ళాల్సినవి: నోట్‌బుక్, వీడియోలు, హియరింగ్ టెస్ట్, రక్త పరీక్ష రిపోర్టులు, తినేవాటి జాబితా, ఇబ్బంది పెట్టే వస్తువులు (ఆ సాక్సే, ఆ టిఫిన్ బాక్సే). పిల్లాడు నిద్రలేచి, కడుపు నిండి ఉండే సమయానికి అపాయింట్‌మెంట్ తీసుకోండి.

మంచి అసెస్‌మెంట్‌లో మీతో వివరంగా మాట్లాడతారు, సెన్సరీ ప్రొఫైల్ లాంటి ప్రశ్నావళి నింపిస్తారు, పిల్లాడిని ఆడిస్తూ గమనిస్తారు, చేతి పనులు చేయించి చూస్తారు. పది నిమిషాల్లో "వారానికి ఐదు సెషన్లు" అని తేల్చేస్తే లేచి వచ్చేయండి.

అడగాల్సినవి:

- సెషన్ జరిగేటప్పుడు నేను లోపల కూర్చోవచ్చా? కనీసం చూడొచ్చా?
- మొదటి మూడు నెలల్లో ఏ పని మారాలి?
- ఇంట్లో నేనేం చెయ్యాలి? స్కూల్‌కి ఏం చెప్పాలి?
- మారకపోతే ఏం చేస్తారు?

ఇవి వినబడితే జాగ్రత్త: పూర్తిగా నయం చేస్తామన్న గ్యారంటీ, ముందే ఏడాది ఫీజు, "తల్లిదండ్రులు లోపలికి రాకూడదు" అన్న రూలు, వచ్చిన ప్రతి పిల్లాడికీ ఒకే బరువు జాకెట్టు, ఒళ్ళు రుద్దే ఒకే బ్రష్షు.

## 9. తరచూ జరిగే పొరపాట్లు, సరిచేసుకునే దారి

అమ్మ ఒక్కతే అన్నీ చూసుకోవడం. నాన్న, తాతయ్య, అమ్మమ్మ ఒక్క సెషన్‌కైనా రావాలి. లేకపోతే వారంలో నేర్పింది ఆదివారం "అమ్మ లేదులే, ఫోన్ చూసుకో"తో పోతుంది.

సెషన్ల సంఖ్యనే నమ్ముకోవడం. వారానికి రెండు సెషన్లతో పాటు ఇంట్లో రోజూ 15 నిమిషాల సాధన ఉంటే, సాధన లేని ఐదు సెషన్ల కంటే నయమని నా అనుభవం.

"వాళ్ళ నాన్నా ఇంతే" అన్న మాట. నిజమే కావచ్చు, ఇలాంటివి కుటుంబాల్లో నడుస్తాయి. కానీ నాన్న చిన్నప్పుడు నర్సరీలో చేరమనేవాళ్ళు లేరు, వీధిలో పరిగెత్తడానికి చోటుండేది. పెద్దవాళ్ళతో వాదించకుండా "నిజమే అత్తయ్యా, హియరింగ్ టెస్ట్ ఒక్కటి చేయించి వస్తాం" అంటే పని జరుగుతుంది.

స్కూల్ దగ్గర దాచడం. టీచర్‌కి జబ్బు పేరు చెప్పక్కర్లేదు. "ప్రేయర్‌లో లైన్ చివర నిలబెట్టండి, బెల్లు దగ్గర కూర్చోబెట్టకండి" అని రెండు వాక్యాలు కాగితం మీద రాసిస్తే చాలు.

## 10. మొదలుపెట్టాక: ఎప్పుడు కొనసాగించాలి, ఎప్పుడు ఆపాలి

సెన్సరీ థెరపీల మీద పరిశోధన ఇంకా పరిమితమేనని అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2012లో చెప్పింది. వాడొచ్చు, కానీ లక్ష్యం, గడువు పెట్టుకుని, పనిచేస్తోందో లేదో చూసుకోవాలని సూచించింది. నా వృత్తి గురించే అయినా ఆ సూచన సరైనదే.

"సెన్సరీ ఇంప్రూవ్‌మెంట్" అన్నది లక్ష్యం కాదు, కొలవలేం. ఇలా రాయించుకోండి: "మూడు నెలల్లో వారానికి నాలుగు రోజులు ప్రేయర్ అయ్యేవరకు లైన్ చివర ఉండగలగాలి." "తలస్నానం 10 నిమిషాల్లో, ఇద్దరు పట్టుకోకుండా అవ్వాలి." ఇలాంటివి రెండు మూడు చాలు.

మూడు నెలలకు పాత నోట్‌బుక్ పక్కన పెట్టుకుని మళ్ళీ ఒక వారం రాయండి. లక్ష్యాల్లో సగమైనా కదిలితే కొనసాగించండి. ఏమీ కదలకపోతే ముందు ప్లాన్ మార్చమనండి, ఆరు వారాలు చూడండి. అప్పటికీ లేకపోతే థెరపిస్టుని మార్చండి, డాక్టర్‌కి మళ్ళీ చూపించండి. మొదట్లో కనిపించనిది ఏదైనా ఇప్పుడు బయటపడొచ్చు. ఆటిజం అని తేలితే నేషనల్ ట్రస్ట్ (కొన్ని వైకల్యాలున్నవారి కోసం ఉన్న కేంద్ర ప్రభుత్వ సంస్థ) వారి నిరామయ ఆరోగ్య బీమా గురించి అడగండి. ఏడాదికి లక్ష రూపాయల వరకు ఉండే ఆ పథకంలో థెరపీలు కూడా వస్తాయి.

లక్ష్యాలు నెరవేరితే ఆపేయండి. మిక్సీ అంటే వాడికి ఇంకా ఇష్టం లేకపోవచ్చు, ఫర్వాలేదు. చెవులు మూసుకుని అక్కడే బ్లాక్స్ ఆడుకుంటుంటే థెరపీ పని అయిపోయినట్టే. ఇంటి సాధన, స్కూల్‌కి రాసిచ్చిన కాగితం మాత్రం ఎల్‌కేజీ, యూకేజీ టీచర్లు మారినప్పుడల్లా కొత్తవాళ్ళకు అందేలా చూడండి.